కరవని తల్లి

మీరే చేశారు.

మాత్రలు తయారుచేసినవాళ్ళు, చెరువులోకి గొట్టం పెట్టినవాళ్ళు, వచ్చి చూసి సంతకం గీకి పోయినవాళ్ళు — మీరే.

నీళ్ళు చూడండి... తేటగా, చల్లగా, అడుగున ఇసుక మెరుస్తూ. వాసన లేదు. నురగ లేదు. ఒక్క చేపా చచ్చి తేలలేదు. అందుకే మీకంత ధీమా.

ఆ తేటనీళ్ళలో, గట్టు పక్కనే, నడుం దాకా దిగి నిలబడింది వలల వదిన.

వలలు అల్లుతుంది, ఊరందరికీ వదిన. ఈ చెరువు మీదే ఆమె బతుకు. కుడిచేతి నిండా పంటిగాట్లు — అన్నీ కొర్రమేనులు పెట్టినవే. పిల్లల జోలికి వెళ్తే కొర్రమేను ఊరుకోదు. పైన ఎర్రటి పిల్లల గుంపు, కింద తల్లి కాపలా. చెయ్యి పెట్టావా — రక్తం చూడాల్సిందే.

ఆ కాపలా ఉంటేనే పిల్లలు. పిల్లలుంటేనే వచ్చే ఏడు చేపలు.

ఇప్పుడు ఆమె చెయ్యి ఆ పిల్లల నడుమే ఉంది.

కింద తల్లి చూస్తోంది. ఊరికే చూస్తోంది.

"కరవ్వే తల్లీ... ఒక్కసారి కరిచెయ్."

కరవలేదు.

గట్టు మీద మరిది నవ్వాడు. మందుల ఫ్యాక్టరీలో ఆ గొట్టం వాల్వు తిప్పేది అతనే.

"నీ నోటికి జడిసి అది కూడా మూగబోయింది వదినా."

"నా నోటికి కాదురా, నీ గొట్టం నీళ్ళకి."

"చచ్చిన చేపొకటి చూపించు, రేపే పని మానేస్తా. మేం చేసేది గాభరా తగ్గించే మాత్రలు. విషం కాదు."

తగ్గింది. గాభరా బాగానే తగ్గింది.

నీడ పడితే లోతుకు పోవడం మరిచాయి చేపలు. వల చప్పుడుకు చెదిరిపోవడం మరిచాయి. నిన్న గాలానికి పెదవి చీరుకున్న చేప, ఇవాళ అదే పెదవితో అదే గాలానికి... దెబ్బ తగిలినా బుద్ధి రావడం లేదు. వచ్చిన బుద్ధి నిలవడం లేదు.

ఎక్కడో ఎవరికో నిద్రపట్టాలి. ఇక్కడ తల్లి కాపలా మానేయాలి.

లకుముకి పిట్ట బాణంలా దిగింది. ఒక పిల్లని ఎత్తుకుపోయింది.

తల్లి కదల్లేదు.

పిట్ట మళ్ళీ వచ్చింది. మళ్ళీ... ఎర్రటి గుంపు పలచబడుతోంది. తల్లి తోకైనా ఆడించలేదు.

మరిది నవ్వు ఆగిపోయింది. గట్టున మోకాళ్ళ మీద కూర్చుని తనే చెయ్యి పెట్టాడు. వేళ్ళు ఆడించాడు. తల్లి మూతికి తగిలించాడు. తీసి చూసుకున్నాడు.

తడి. అంతే.

"నేను తిప్పకపోతే ఇంకొకడు తిప్పుతాడు వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "నా ఉద్యోగం పోద్ది. గొట్టం మాత్రం పోదు."

"ఆ ఇంకొకడి సంగతి నేను చూసుకుంటా. ఇవాళ తిప్పేది నువ్వేగా?"

దూరంగా షిఫ్టు సైరన్ మోగింది. అతను లేచాడు — అలవాటుగా, ఆలోచన లేకుండా.

"నీక్కూడా మింగించార్రా ఆ మాత్ర?"

అతని కాలు ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

వదిన నీళ్ళలోంచే అరిచింది.

"మీటింగులొద్దు! పరీక్షలకని సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళడాలొద్దు! పిల్లలింకా ఉన్నాయిరా... చూడు, ఇంకా ఉన్నాయి. పో. పోయి ఆ వాల్వు ముయ్యి. ఇప్పుడే ముయ్యి!"