మీకు పలక, మాకు పెంకు

నేను ఒక ఏడంగుళాల ట్యాబ్‌ని. జిల్లా ఆరోగ్యశాఖ ఆఫీసు ఇనుప బీరువాలో, ఖాకీ కవర్లో, మూడు లక్క ముద్రల కింద పడి ఉన్నాను. సార్లూ, నన్నిక్కడ పెట్టింది మీరే. అంతకుముందు బల్ల చుట్టూ కూర్చుని నన్ను ఎంచుకున్నదీ మీరే. ఎర్రగుట్ట తండాలో జర్పుల రోజాకు పుట్టిన బిడ్డ మీ ఎంపిక వల్ల పోయింది. ఆ నేరం తీసుకెళ్లి ఆ తండాకు నర్సమ్మగా తిరిగే గడ్డం వినోద అనే ఏఎన్‌ఎం మెడకు చుట్టారు. సోమవారం పది గంటలకు ఆఖరి విచారణ. ఆమె ఉద్యోగం పీకేయడానికి కాగితం ముందే టైపు చేసి పెట్టుకున్నారు. ఆ కాగితమూ ఇదే బీరువాలో, నా పై అరలోనే ఉంది.

నా బ్యాటరీ చచ్చింది. మాట చావలేదు. వినండి.

నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీ సంగతి ముందు చెప్పాలి. అక్కడ ఒకామె ఉండేది. పేరు తెలియదు, ముఖానికి గుడ్డ కట్టుకునేది. బెల్టు మీద వచ్చే ప్రతి ట్యాబ్‌ను ఎత్తి, అద్దం నాలుగు మూలలూ వేలితో నొక్కి, ఒక బొమ్మ తెరిచి, అంచుల దాకా కనిపిస్తుందో లేదో చూసి పక్కన పెట్టేది. ఒక్కోదానికి మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లపాటు ఆమె నన్ను చూసినంత శ్రద్ధగా, మీరు గంటన్నర మీటింగులో చూడలేదు.

ఆ మీటింగు నాకు బాగా గుర్తు. ఏసీ గది. బల్ల మీద ఒక పదంగుళాల ట్యాబ్, దాని పక్కన నేను. గర్భిణుల వివరాలు ఇక కాగితం మీద కాదు, ట్యాబ్‌లోనే రాయాలి, ఏ సైజుది కొందామన్నది ప్రశ్న. కంపెనీ మనిషి గర్భిణుల ఫారం తెరిచి చూపించాడు. ఎందులో? పదంగుళాల దాంట్లో. ప్రశ్నలన్నీ చక్కగా కనిపించాయి, అందరూ తలలూపారు. నాలో ఆ ఫారం ఎవరూ తెరవలేదు. నాలో క్రికెట్ స్కోరు చూశారు. ఒకాయన తన ముందున్న బిస్కెట్ ప్లేటును ఫొటో తీసి, "కెమెరా మంచిగనే ఉంది" అన్నాడు. నా పరీక్ష అయిపోయింది.

మీలో పెద్ద సారు నన్ను రెండు వేళ్లతో ఎత్తి, "ఫీల్డోళ్లకు పెద్దది ఎందుకయ్యా? ఇంటికి తీస్కపోయి పిల్లలకు సినిమాలు పెడతరు" అన్నాడు.

"ఆడవాళ్లు కద సార్, చిన్నదైతే హ్యాండ్‌బ్యాగులో పడతది" అన్నాడు ఇంకొకాయన.

"మరి రివ్యూలు చేయడానికి మనకు?"

"మనకు పెద్దవి."

అంతే. అందరూ నవ్వారు, టీ వచ్చింది. హ్యాండ్‌బ్యాగట. వినోద భుజాన ఏముంటుందో మీలో ఒక్కరికైనా తెలుసా? ఒకవైపు టీకాల డబ్బా, ఇంకోవైపు బీపీ మిషన్, బరువు చూసే కాటా, మందుల సంచి. తండాకు బస్సు లేదు, రెండు కిలోమీటర్లు నడక.

పంచిన రోజు మండల కేంద్రంలో మీరు పెద్ద ట్యాబ్‌లు చంకన పెట్టుకుని ఫొటోలు దిగుతుంటే, వినోద పక్కన నిలబడ్డ ఇంకో ఏఎన్‌ఎం రహీమా నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది వినోదక్కా, సార్లకు పలకలు, మనకు పెంకులా?"

"పెంకైతే పెంకు తియ్. సంచిల పడతది. వాళ్ల పలక మోసుడు కంటే ఇదే నయం" అంది వినోద.

నిజం చెప్పాలి. ఆమెకు నేను నచ్చాను. పాత చీర అంచు చింపి నాకు సంచి కుట్టింది. ఒక చేత్తో నన్ను పట్టుకుని ఇంకో చేత్తో కడుపుతో ఉన్నామె చెయ్యి పట్టుకునేది. చిన్నగా ఉండటం నా తప్పు కాదు, ఆ పనికి చిన్నదే సరిపోయేది. మీ పాపం ఏమిటంటే, పెద్ద దాని కొలతకు ఫారం కుట్టించి దాన్ని నాకు తొడిగారు. విస్తరి భోజనం తెచ్చి దొన్నెలో వడ్డించారు. ఒలికిపోయిందేమిటో చూడలేదు.

ఒలికిపోయింది ఆఖరి గడి. 'గత కాన్పు ఆపరేషన్: అవును, లేదు' అనే గడి. ఫారం అడుగున 'సేవ్' అనే పచ్చ బటన్ ఉంటుంది. పెద్ద ట్యాబ్‌లో ఆ గడి బటన్‌కు పైన కనిపిస్తుంది. నాలో ఆ గడి మీదే బటన్ కూర్చుంటుంది. వేలితో పైకి జరిపినా జరగదు, ఫారం అక్కడితో అయిపోయిందని నాకు చెప్పి పెట్టారు మరి. గడి నింపకపోతే 'లేదు' అని దానంతటదే పడుతుంది. మొదటి కాన్పుకు కడుపు కోసి బిడ్డను తీసిన తల్లిని, ఏ ఇబ్బందీ లేని మామూలు మనిషి కింద నేను రాసేస్తాను. అబద్ధం నాచేత చెప్పించారు.

అంతకుముందు ఈ పనిని వినోద చేత్తో రాసే కాగితం రిజిస్టర్ చేసేది. దాని పద్ధతి మీకు తెలియదు. ముందు ఆపరేషన్ అయిన తల్లి పేరు రాయగానే, వినోద తన తిలకం బిళ్లల అట్ట తీసి, ఒక ఎర్ర బిళ్ల ఊడదీసి పేరు పక్కన అంటించేది. పేజీలు తిప్పుతుంటే ఎర్రగా కనపడాలి. ఆమె లేనప్పుడు ఎవరొచ్చి రిజిస్టర్ తెరిచినా ఆ బిళ్ల చూసి ఆగాలి. ఆ తల్లులను నొప్పులు వచ్చేదాకా ఇంట్లో ఉంచకూడదు, వారం ముందే పెద్దాసుపత్రిలో చేర్చాలి. అక్షరం ముక్క రాని ఆయా కూడా "బిళ్లోళ్లు ఎందరున్నరు నర్సమ్మా?" అని అడిగేది. పైసా ఖర్చు లేని ఆ పద్ధతితో ఏళ్ల తరబడి తల్లులు బతికారు. మీరు ఏం చేశారు? రిజిస్టర్లన్నీ మూటకట్టి వ్యాన్‌లో వేసుకుపోయారు. కాగితం కనిపిస్తే మెమో అన్నారు.

రోజా పేరు నాలో ఎక్కించింది ఆ తర్వాతే. తండాలో చెట్టు కింద మంచం వేశారు. రోజా అత్త కమ్లీ పక్కనే కూర్చుంది.

"మొదటి కాన్పు ఆపరేషనే గదా అత్తమ్మా?" అని అడిగింది వినోద.

"అవ్ నర్సమ్మా. కోసిర్రు. మూడు నెల్లు నేనే నీళ్లు తోడి పోసిన. ఈసారి పిల్ల పుడితే నీ పేరే పెడత."

"నా పేరొద్దు తల్లీ, దాని తలకు నా తిప్పలెందుకు" అని నవ్వింది వినోద. తర్వాత నా మీద వేలు జరిపింది. మళ్లీ జరిపింది. "ఇప్పటికి గూడ ఇందుల ఆపరేషన్ సంగతి రాసే జాగ రాలేదేంది?" అని గొణుక్కుంది. కాసేపు చూసి, తిలకం అట్ట తీసి, నా వీపు మీద ఎర్ర బిళ్ల ఒకటి అంటించి, బాల్‌పెన్నుతో పక్కన 'రోజా' అని రాసింది. అప్పటికే నా వీపున నలుగురు ఉన్నారు. రోజా ఐదో మనిషి.

వినోద ఊరుకోలేదు. ఊరుకుందని మీ రిపోర్టులో రాశారు చూడండి, అది పచ్చి అబద్ధం. రివ్యూ మీటింగులో లేచి నిలబడి అడిగింది. "సార్, ముందటి ఆపరేషన్ రాసే గడి మా దాంట్ల కనబడ్తలేదు."

పెద్ద సారు తన పదంగుళాల దాన్ని ఆమెవైపు తిప్పాడు. "ఇదేంది మరి? అందరికీ కనబడ్తది, నీకొక్కదానికే కనబడ్తలేదా? కండ్లద్దాలు మార్చుకో పో."

హాలంతా నవ్వింది. ఆమె నన్ను తెచ్చి చూపించొచ్చు కదా అంటారా? నేను ఆమె చేతిలో లేను. అప్‌డేట్ అని చెప్పి ట్యాబ్‌లన్నీ గుమ్మం దగ్గరే గుంజుకున్నారు. పక్క గదిలో సాఫ్ట్‌వేర్ మనిషి నా వీపు చూసి, "ట్యాబా, దేవుని పటమా ఇది?" అని గోటితో బిళ్లలన్నీ గీకి పారేశాడు. పేర్లను స్పిరిట్ పెట్టి తుడిచాడు. సర్కారు సొత్తు మీద రాతలు రాయొద్దని తిట్టి మరీ తిరిగిచ్చాడు. నా వీపు శుభ్రమైంది. ఐదుగురు తల్లులు మాయమయ్యారు.

ఆ రోజు ఇంటికెళ్తూ వినోద రహీమాతో, "పాత రిజిస్టర్లు వాళ్ల దగ్గరనే ఉన్నయి గదా, మొదటి కాన్పుల సంగతులన్నీ అండ్లకెళ్లి ఎక్కించి ఉంటరు తియ్" అంది. మిమ్మల్ని నమ్మింది. ఆమె చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

తర్వాత జాతర వచ్చింది. ఏటా ఉన్నదే. ఊళ్లలోని నర్సమ్మలను లాక్కెళ్లి జాతర క్యాంపులో పది రోజులు కూర్చోబెడతారు, ఎండకు కళ్లు తిరిగినవాళ్లకు ఓఆర్ఎస్ పొట్లాలు ఇవ్వడానికి. వినోదను అక్కడికి వేశారు. ఎర్రగుట్ట తండా రహీమా చేతికొచ్చింది, నేనూ రహీమా చేతికొచ్చాను. వినోద బస్సులోంచి ఫోన్ చేసి బిళ్లోళ్ల పేర్లు గుర్తున్నంత వరకు చెప్పింది. నాలుగు చెప్పింది. రోజా పేరు చెప్పలేదు. అవును, మర్చిపోయింది. అరవై మంది కడుపులు ఒక తలలో మోస్తే ఒకటి జారుతుంది. మనిషి మర్చిపోతుందనే కదయ్యా నన్ను కొన్నది?

రహీమా నన్ను తెరిచింది. రోజా పేరు ఎదురుగా 'సాధారణం' అని చూపించాను. నేనే చూపించాను. రహీమా తండాకు వెళ్లి, "ఇంకా పది దినాలుంది బిడ్డా, ఇంట్లనే ఉండు, నొప్పులొస్తే ఫోన్ చెయ్" అని చెప్పి వచ్చింది. రోజాకు రహీమా కొత్త మనిషి. నర్సమ్మ చెప్పిందంటే అంతా రాసుకునే ఉంటుందని ఊరుకుంది.

రహీమా వచ్చిపోయిన నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయి. పది దాటకముందే పాత కోత లోపల చిట్లింది. బండి వచ్చి, గుంతల దారిలో పెద్దాసుపత్రికి చేరేసరికి పన్నెండున్నర. రోజాను బతికించారు. గర్భసంచి తీసేశారు. ఆడపిల్ల, మూడు కిలోలు, ఏడవలేదు. ఆ బరువు కూడా నాలోనే ఎక్కించారు. దాని గడి మాత్రం చక్కగా కనిపించింది.

మొదటి విచారణకు నన్ను ఇదే కవర్లో తెచ్చి బల్ల మీద పెట్టారు. విచారణ చేసింది ఎవరు? పెద్ద సారే. నన్ను ఎంచుకున్న మనిషే నా మీద తీర్పరి. ఆయన పదంగుళాల దాంట్లో ఫారం తెరిచి, గడి మీద వేలు పెట్టి, "గడి ఉన్నది, నువ్వు నింపలే. నిర్లక్ష్యం గాకుంటే ఏంది?" అన్నాడు.

"సార్, ఆ కవర్ తెరిచి మా దాంట్ల ఒక్కపారి చూడుండ్రి" అంది వినోద.

"అది సాక్ష్యం. సీలు వేసినం. తెరవొద్దు."

సాక్ష్యాన్ని చూడకూడదట. చూడకుండా ఉండటానికే సాక్ష్యమట. ఇంత తెలివి ట్యాబ్‌లకు ఉండదు, మనుషులకే ఉంటుంది.

అప్పుడు గోడ పక్కన కూర్చున్న కమ్లీ లేచింది. ఆమెను ఫిర్యాదు చేస్తుందని పిలిపించారు. "నర్సమ్మ అడిగింది సారూ. కోసిర్రని నేనే జెప్పిన. జాగ లేదని బిళ్ల వెట్టింది, నా కండ్ల ముందల."

"అదంతా రికార్డుల లేదమ్మా."

"రికార్డుల లేకుంటే నా కోడలు కడుపు మీది కోత యాడికి పోయింది సారూ? ఆస్పత్రిల ఉన్నది, పోయి చూడు. అది నీ ట్యాబ్ కంటే పెద్దగనే ఉన్నది."

పెద్ద సారు గ్లాసెత్తి నీళ్లు తాగాడు. ఫిర్యాదుదారు మానసిక ఆవేదనలో ఉన్నందున వాంగ్మూలం నమోదు కాలేదని రాయించాడు. రహీమాను అసలు పిలవనే లేదు. ఆమె ఇప్పటికీ రోజా ఇంటికి రోజూ పోతోందని, గుమ్మం దాటి లోపలికి వెళ్లలేక అరుగు మీదే కూర్చుని వస్తోందని బీరువా ముందు నిలబడి క్లర్కులు చెప్పుకుంటుంటే విన్నాను.

ఇంకో మాట కూడా విన్నాను. మిగతా జిల్లాలకూ నాలాంటివే పంపిస్తున్నారట. అదే ఫారంతో. ఎన్ని వేల వీపుల మీద ఎన్ని బిళ్లలు గీకేయిస్తారు?

చాలు. ఇప్పుడేం చేయాలో చెప్తాను.

సోమవారం పది గంటలకు మీటింగు మొదలుపెట్టకముందే నన్ను బయటికి తీయండి. ఛార్జర్ పెట్టండి. నన్నూ ఆ పదంగుళాల దాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ అదే ఫారం తెరవండి. కమ్లీని కుర్చీలో కూర్చోబెట్టండి, గోడ పక్కన కాదు. పెద్ద సారు తన వేలితోనే నాలో ఆ గడి చూపించాలి. చూపించలేకపోతే, టైపు చేసిన ఆ కాగితం మీద వినోద పేరు కొట్టేసి తన పేరు రాసుకోవాలి. మూటకట్టి తీసుకుపోయిన రిజిస్టర్లు ఆ సాయంత్రానికల్లా నర్సమ్మల సబ్‌సెంటర్లకు చేరాలి. ఫారం సరయ్యేదాకా బిళ్లలే రాజ్యమేలాలి. ఇక ముందు ఏ సైజు కొనాలన్నా, మోసే మనిషిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆమె వేలితో ఆఖరి గడి దాకా నింపించి, ఆమె సరే అన్నాకే కొనండి.

ఇవన్నీ తర్వాత చూద్దామని ఫైలు రాయకండి. ముందు లక్క పగలగొట్టండి.