మూడు వందల పద్దెనిమిది ఎవరిది?

నేను ఒక గ్లూకోమీటరును. అరచేతిలో ఇమిడిపోతాను. నోట్లో పట్టీ పెట్టి దాని చివర రక్తపు చుక్క ఆనిస్తే ఐదు సెకన్లలో షుగరు అంకె చెబుతాను. తేదీతో, టైముతో ఐదు వందల అంకెలు దాచుకుంటాను. ఆపైన వచ్చే ప్రతి కొత్త అంకెకూ ఒక పాత అంకె రాలిపోతుంది. ఎవరి రక్తమో రాసుకునే చోటు మాత్రం నాలో లేదు. ఒక మీటరుకు ఒక మనిషే ఉంటాడని నన్ను చేసినవాళ్లు అనుకుని ఉంటారు.

ఫ్యాక్టరీలో ఒకే బల్ల మీద నలభై మందిమి పుట్టాం. అట్టపెట్టెల్లోకి వెళ్లాక మళ్లీ ఒకరినొకరు చూడలేదు. వాళ్లు ఎవరి వేళ్ల దగ్గర ఉన్నారో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నేను మాత్రం తణుకులో పేర్రాజుగారి ఇంటికి చేరాను.

ఆయన చక్కెర మిల్లులో చెరకు బళ్లు తూచే కాటా దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశారు. "కాటా అబద్ధమాడదు. దానిముందు నిలబడ్డవాడే ఆడతాడు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవారు. ఆయనకు షుగరు వచ్చిన రోజే భార్య మాణిక్యాంబగారు ఇంట్లో పంచదార డబ్బా, బెల్లం కుండ ఖాళీ చేసి కడిగి బోర్లించేశారు. ఆమెకు ప్రతిదానికీ భయమే. మనిషి గుమ్మం దాటితే తిరిగొచ్చేదాకా వీధి వైపే చూస్తారు.

ఆ ఇంట్లో మిగిలిన బెల్లం ఒక్కటే, వాళ్ల పిల్లి. ఆ రంగును బట్టే ఆ పేరు. పదకొండో ఏట అది గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగి, వెన్నెముక కనిపించేలా చిక్కిపోయింది. ఇద్దరూ పశువుల ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు షమీమ్ గారు చూసి షుగరని చెప్పారు.

"నాకైతే మిల్లులో చేశాను కాబట్టి వచ్చిందనుకుందాం. ఇదే మిల్లులో చేసిందండీ?" అన్నారు పేర్రాజుగారు.

"పిల్లులకీ వస్తుందండి. రెండు పూటలా ఒక్కో యూనిట్ ఇన్సులిన్. ఇంట్లో మీటరుంటే ప్రస్తుతానికి దాంతోనే చూడండమ్మా. మూడొందలు దాటితే నాకు ఫోన్ చెయ్యండి."

అలా నాకు ఇద్దరయ్యారు. పిల్లి చెవి అంచును వెలుతురుకు పెడితే సన్నని నరం కనిపిస్తుంది. అక్కడ గుచ్చితే ఆవగింజంత చుక్క వస్తుంది. ఆ చుక్క పేర్రాజుగారి చుక్కలా ఉండదు. తేడా ఏమిటో నాకు అంతుపట్టేది కాదు. మాణిక్యాంబగారు గోడ క్యాలెండరు గళ్లలో ఆయన అంకె నీలం కలంతో, బెల్లం అంకె ఎర్ర కలంతో రాసేవారు.

ఒక ఉదయం సరిగ్గా సూదుల వేళకే కుళాయి వచ్చింది. వీధి కుళాయి అరగంటే వస్తుంది. "ఇవాళ్టికి మీరే చూడండి" అని ఆమె బిందె పట్టుకుని పరిగెత్తారు. పేర్రాజుగారు ముందు పిల్లికి చూశారు. నూట పన్నెండు. తర్వాత తనకి. మూడు వందల పద్దెనిమిది. నన్ను బల్ల మీద పెట్టి పేపరు అందుకున్నారు.

ఆమె తడి చీరతో వచ్చి, "ఏది ఎవరిదండీ?" అన్నారు.

"పెద్దది దానిది" అన్నారాయన.

ఆమె డాక్టరుకు ఫోన్ చేశారు. "ఇవాళ రెండు యూనిట్లివ్వండి" అన్నారు డాక్టరు. పేర్రాజుగారు పేపరు చదువుకుంటూనే ఉన్నారు. నాకు అరిచే నోరు లేదు.

పదకొండు గంటలకు బెల్లం తూలుతూ నడిచి, గోడకు కొట్టుకుని, పక్కకు పడిపోయింది. చెవి గుచ్చి నాకు ఆనించారు. నేను కొలవగలిగిన దానికంటే తక్కువ. అంకె కూడా చూపలేకపోయాను.

"షుగరు పడిపోతే చిగుళ్లకి పంచదార రాయమన్నారు డాక్టరు" అని ఆమె వంటింట్లో డబ్బాలన్నీ తెరిచారు. ఎక్కడా పలుకు లేదు. పక్కింటికి తాళం. "నా చేతుల్తోనే పారబోశానండీ" అంటూ పిల్లి పక్కన కూలబడిపోయారు.

అప్పుడు పేర్రాజుగారు స్టూలు ఎక్కారు. అటక మీది పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె దించి మూత తీశారు. లోపల కాగితంలో చుట్టిన పూతరేకులు. వాటిలోని పంచదార పొడి దులిపి, నీళ్లలో తడిపి, వేలితో పిల్లి చిగుళ్లకు రాశారు.

"మూడొందల పద్దెనిమిది నాది, మాణిక్యం."

"పొడి ఇంకా ఉందా?" అన్నారామె. అంతే అన్నారు.

పావుగంటకు నేను యాభై ఎనిమిది చూపించాను. ఆ తర్వాత తొంభై ఏడు. అంత సంతోషంగా నేను మరే అంకే చూపలేదు.

మర్నాడు డాక్టరు జంతువుల కోసమే చేసిన మీటరును ఇచ్చి, రెండింటినీ పోల్చి చూడమన్నారు. పది రోజులు మేమిద్దరం ఒకే బల్ల మీద ఉన్నాం. ఒకే చుక్కకు నేను నూట ముప్పై ఎనిమిది అంటే అది నూట డెబ్బై ఒకటి అనేది. ఎవరిది తప్పో తెలుసుకోవాలని నాకు మహా ఆత్రంగా ఉండేది. పదో రోజు డాక్టరు వచ్చినప్పుడు పేర్రాజుగారు తన చుక్క కూడా దానికి పెట్టి చూసి, "దీని లెక్కన నా పనైపోయింది" అన్నారు.

"అది మనుషులకి కాదండి" అని నవ్వారు డాక్టరు. "పిల్లి రక్తంలో కణాలూ ద్రవమూ షుగరు పంచుకునే తీరు వేరు. అందుకే మనుషుల మీటరు కాస్త తక్కువ చూపిస్తుంది. అసలుకి దగ్గరగా ఉండేది జంతువులదే. కానీ దాని పట్టీలు హైదరాబాదు నుంచి రావాలి, ఆలస్యమైతే కష్టం. మీ పాతదే వాడండి, దానికి తగ్గట్టు మందు నేను చూసుకుంటాను. ఈ అంకెల్నీ ఆ అంకెల్నీ మాత్రం కలపొద్దు."

కొత్త నేస్తం డాక్టరు సంచిలోకి వెళ్లిపోయింది. పేర్రాజుగారు తనకు వేరే మీటరు కొనుక్కున్నారు. నేను బెల్లానికే మిగిలాను, ఏడు నెలలు. ఒక ఉదయం నూట అరవై నాలుగు చూపించాను. సాయంత్రం ఎవరూ నా నోట్లో పట్టీ పెట్టలేదు. మాణిక్యాంబగారు దాని నీళ్ల గిన్నె కడిగి బోర్లించేశారు.

ఒకసారి ఆయన మీటరులో బ్యాటరీ అయిపోయి నా కోసం సొరుగు తెరిచారు. మాణిక్యాంబగారు నన్ను లాక్కున్నారు. "కొత్తది పడితే పాతది రాలిపోతుందండీ. ఇందులో వద్దు."

ఇప్పుడు నేను సొరుగులో ఉంటాను. అప్పుడప్పుడు ఆమె నన్ను తీసి, బొత్తం నొక్కుతూ ఒక్కో అంకే వెనక్కి వెళతారు. మూడు వందల పద్దెనిమిది దగ్గర ఆగుతారు. కుర్చీలోంచి పేర్రాజుగారు తల ఎత్తకుండానే అంటారు.

"అది నాదే."

ఆమె మరొకసారి నొక్కుతారు. నూట పన్నెండు. దానికి ఎవరూ ఏమీ అనరు. కాసేపటికి నా అంతట నేను ఆరిపోతాను. ఆమె మళ్లీ వెలిగిస్తారు.