పసుపు కోటు

మా ఆయన వెల్డింగు పని చేస్తారు. పగలంతా నిప్పురవ్వలు పడి చిల్లులైన చొక్కాలోనే ఉంటారు. సాయంత్రం స్నానం చేసి బయటికొచ్చారంటే మాత్రం వీధి వీధంతా తిరిగి చూడాల్సిందే. మడత నలగని ప్యాంటు, మెడలో రుమాలు, పసుపు కోటు. అందుకు ఆయన అన్న, మా బావగారు పెట్టిన పేర్లు అన్నీ ఇన్నీ కావు. సోకులరాయుడు, నీటుగాడు, టిప్‌టాప్ దొర. ఎక్కువగా షోకిలా. ఆయన నవ్వి ఊరుకునేవారు.

పోయిన వారం, ఇప్పుడిప్పుడే మాటలొస్తున్న మా బుడ్డోడు ఆయన్ని చూసి "చోకిలా" అన్నాడు. నాన్నా అని పిలవాల్సిన నోటితో. ఇల్లంతా పగలబడి నవ్వింది. ఆ సాయంత్రమే ఆయన కోటు మడిచి పెట్టె అడుగున పడేశారు. మళ్లీ తీయలేదు. నాకు అన్నం సయించలేదు. పెద్దయ్యాక కూడా వాడు తండ్రిని నవ్వులాటగానే చూస్తాడేమోనని ఒకటే గుబులు.

ఇవాళ అత్తయ్య ముచ్చటపడ్డారని అందరం ఫోటో స్టూడియోకి వెళ్లాం. ఆయన బావగారి పాత తెల్లచొక్కా తొడుక్కుని, అద్దం వైపైనా చూడకుండా ఓ చివర నిలబడ్డారు. బుడ్డోడి సంచిలో పొత్తిగుడ్డల కింద దాచి తెచ్చిన కోటు బయటికి తీశాను. ఆయన ముందు చాచాను.

"ఇది వేసుకోండి."

"వద్దులేవే."

బావగారు మాట అందుకున్నారు. "ఏమ్మా, వాడి పిచ్చి నీకూ అంటుకుందా? ఇనుము అతికేవాడికి ఈ వేషాలెందుకు?"

నలుగురిలో తిరిగే మనిషి కదా అని ఏదో సర్దిచెప్పబోయి మింగేశాను.

"ఎందుకేంటి బావగారూ? ఆయనకిష్టం. నాకూ ఇష్టమే."

"అయితే షోకిలా అంటే పడాలి మరి."

"అనండి. షోకిలాయే. మీ చొక్కా ఉతికి మరీ పంపిస్తాలెండి."

అత్తయ్య మూతి బిగించారు. నేను పనికెళ్తే బుడ్డోణ్ణి చూసుకునేది ఆవిడే. రేపెలా అనుకున్నాను. అయినా చాచిన కోటు దించలేదు.

ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకుని తెర వెనక్కి వెళ్లారు. తిరిగొచ్చేసరికి మెడలో రుమాలు కూడా ఉంది. అది నేను తేలేదు. ఆయన జేబులోనే ఉన్నట్టుంది.

బుడ్డోడు చేతులు చాచాడు. "చోకిలా."

"ఏం నాన్నా?" అంటూ ఆయన వాణ్ణెత్తుకుని, నడిమధ్య కుర్చీలో కూర్చున్నారు.