గాడిలో పడిన కుంకుమ

మీట నొక్కగానే, విడిభాగాలు ఏరి బిగించిన కొత్త కంప్యూటరు మూడుసార్లు కూసింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

సాయంత్రం నాలుగింటికి టైపింగు కంపెనీవాళ్లు వీడియో ఫోనులో దీన్ని చూస్తారు. మెమరీ పదహారు జీబీ ఉంటేనే ఇంటిదగ్గర టైపింగు పని. లేదంటే మళ్లీ తాంబరం బట్టల కంపెనీకే. నేను అక్కడ కుట్టుమిషను ముందున్న రోజే నా కూతురు వెణ్బాకు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఏడాది నిండని పిల్ల. మా అత్తకు చేతులు వణుకుతాయి, ఒక్కతే పిల్లను పట్టుకోలేదు.

"ఒకదానికొకటి పొసగనివి అంటగట్టారే కయలూ," అంది అత్త. "చీరల కొట్టులో ఏరినట్టు ఏరుకొచ్చావు!"

అలా ఏరలేదు. మెమరీ ముక్క అంచున ఉండే నొక్కు, మదర్‌బోర్డు గాడిలోని గట్టు మీద సరిగ్గా కూర్చుంటుందో లేదో కొట్లోనే ఆనించి చూశాను. బోర్డు డీడీఆర్ నాలుగో రకం. ముక్కలూ అదే రకం, ఎనిమిది జీబీవి రెండు.

పిల్లను చంకనేసుకుని, కంప్యూటరున్న అట్టపెట్టె పట్టుకుని చింతాద్రిపేట వంతెన దాటి, కంప్యూటరు కొట్లుండే రిచ్చీ వీధికి పరుగెత్తాను.

ఇవన్నీ అమ్మిన కొట్టు అరసన్న భూతద్దం పెట్టి చూశాడు. "ముక్కలు బాగానే ఉన్నాయమ్మా. ఈ గాడిలో పిన్ను మాడింది. మా తప్పయితే బోర్డు మారుస్తాను. లోపల ఏమైనా పడిందా?"

పడింది కొంగుతో తుడిచేశాను కదా, లేదంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పాప భూతద్దం వైపు చెయ్యి చాచింది.

"బోర్డుకు బొట్టు పెట్టానన్నా. శుక్రవారమని, దిష్టి తగలకూడదని. గంధం ఇంకా తడిగానే ఉంది, కుంకుమ గాడిలో రాలింది..."

అతను పగలబడి నవ్వాడు. "ఆయుధపూజ మర్నాడు ఇలాంటివి డజను గోకుతాం. బొట్టు దేవుడికి పెట్టమ్మా, పిన్నులకు కాదు! కానీ బోర్డు మార్చలేను."

"రెండో గాడి బతికే ఉంది కదా. అందులో పదహారుది ఒకటే పెడితే?"

"పాతరకం బోర్డు. మోస్తుందో లేదో నాకు తెలీదు. ఆ ముక్క గోదాంలో ఉంది. నీ ఎనిమిదివి బదులు తీసుకుని తెప్పిస్తాను, తెప్పించాక వద్దనకూడదు మరి."

గోడ గడియారంలో రెండున్నర. బోర్డుతో వచ్చిన కాగితం విప్పాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. గాడులు రెండు, మోసేది మొత్తం ముప్పైరెండు. అంటే గాడికి పదహారు. సగం చేయడంలో పొరపాటు పడలేదు కదా అని మళ్లీ వేళ్లు మడిచాను.

"తెప్పించన్నా."

అరగంట ఆగాం. పాప ఒళ్లు వెచ్చగా తగిలితే జ్వరమేమోనని నుదురు తాకి చూశాను. అది ఎండ వేడి.

ముక్క వచ్చింది. అరసన్న దాని అంచునున్న పసుపురంగు లోహపు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది గాడిలో నొక్కాడు. మీట వేశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

ఒక్క కూత.

"ఒక్కసారే కూసిందంటే ఒంట్లో బాగుందని," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి గడపలో అత్త కుంకుమ భరిణతో నిలబడి ఉంది. "బొట్టు పెట్టకుండానే మీట వేస్తావా?"

భరిణ అందుకుని, కంప్యూటరు తీసేసిన ఖాళీ అట్టపెట్టెకు బొట్టు పెట్టాను.

నాలుగింటికి తెర మీది పదహారు చూపించాను. సోమవారం నుంచి పనన్నారు. ఫోను పెట్టేసి, మళ్లీ పాప నుదురు తాకి చూశాను.