పాటకీ పాటకీ మధ్య

మెంఫిస్‌లో పదకొండు బార్లలో జూక్‌బాక్సులకు, అదే నాణెం వేస్తే రికార్డు పాడే పెట్టెలకు, పాటలు నింపేది నేనే. మా ఊరి పాటలో డ్రమ్ము వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది, పని నుంచి వచ్చిన మనిషి కుర్చీలో కూలబడ్డట్టు. గొంతు గరుగ్గా ఉంటుంది, దాచుకోవడం తెలియదు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే డిస్కోలో ఏముంది? నలభై వయొలిన్లు, కింద గడియారంలా దబ్‌దబ్‌మనే డ్రమ్ము. అత్తరు పూసిన అబద్ధం అనేవాణ్ణి. నా పొగరు అలాంటిది.

మా పాప నీటా చనిపోయిన ఏడాదికి, 1977లో, నా భార్య వెర్లీన్ ఆ అబద్ధం వెంటే పడింది. ప్రతి ఆదివారం చర్చి అవగానే స్కేటింగ్ హాలుకు పోయి డిస్కో పాటలకు ఆడేది. ఇంట్లో ఒక పాత జూక్‌బాక్సు ఉంది. నేను దాన్ని పెడితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఒకసారి నోరు జారాను.

"బిడ్డను పూడ్చిన మట్టి ఆరకముందే గంతులా?"

ఆమె పెట్టె సర్దుకుని అక్క ఒడెస్సా ఇంటికి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం ఆమెను తీసుకురావాలని హాలుకు వెళ్ళాను. కళ్ళు మూసుకుని, కాళ్ళకు చక్రాలతో, అందరి మధ్యా ఒక్కతే తిరుగుతోంది. వాకిట్లోకి పిలిచాను.

"తప్పయిపోయింది వెర్లీన్. ఇంటికి రా. అసలా పాటల్లో ఏం చూశావు? వాటికి మనసే లేదు."

"మనసు నీ పాటల్లోనే ఉండనీ. నాకున్నదాన్నే మోయలేక చస్తున్నా."

"మరి ఎందుకిది?"

"ఒక పాట అయిపోయాక నీ పెట్టె ఆగుతుంది కదా, ఇంకో రికార్డు తీసుకోడానికి?"

"ఆ, పది సెకన్లు. అయితే?"

"ఆ పది సెకన్లూ నీటా ఏం చేసేదో మర్చిపోయావా?"

నాకు గుర్తు రాలేదు. అది నా మొహంలోనే కనబడి ఉంటుంది.

"ఇక్కడ పాట ఆగదు ఎల్బర్ట్. పాటలు వేసేవాడు రెండు రికార్డు ప్లేయర్లు పెట్టి ఒకదాన్లో ఇంకోటి కలిపేస్తాడు. రెండు గంటలు ఎక్కడా సందుండదు. నాక్కావాల్సింది అదే."

చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

నేనూ రెండు ప్లేయర్లు పక్కపక్కన పెట్టుకుని మూడు రోజులు కుస్తీ పట్టాను. నా పాటలనే సందు లేకుండా కలిపి వినిపిస్తే వస్తుందని ఆశ. కానీ మా డ్రమ్ము మనిషి ఊపిరిలా ఒకచోట నెమ్మదిస్తుంది, ఒకచోట పరుగెడుతుంది. ఏ రెండు పాటలూ కలవలేదు. విసిగిపోయి జూక్‌బాక్సు పెట్టాను.

పాట అయిపోయింది. పెట్టె లోపలి ఇనప చెయ్యి టకటకమంటూ తర్వాతి రికార్డు కోసం కదిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. నీటా ఆ పెట్టె ముందు కూర్చుని, పాట ఆగగానే "మళ్ళీ! మళ్ళీ!" అంటూ చప్పట్లు కొట్టేది. తన చప్పట్లకే పాట వస్తోందనుకునేది పిచ్చితల్లి. పాట మొదలవగానే గర్వంగా నావైపు చూసేది. అది కూడా ఎలా మర్చిపోయాను?

ప్లగ్గు లాగేసి ఒడెస్సా ఇంటికి ఫోన్ చేశాను.

"గుర్తొచ్చింది వెర్లీన్. చప్పట్లు."



"అయితే ఆ పది సెకన్లు నీక్కూడా మొదలయ్యాయన్నమాట," అంది, ఏడుస్తూ.

ఇంటికి రమ్మని అడగడానికే ఫోన్ చేశాను. అడగలేదు. ఈ ఇంట్లో నేనే ఉండలేకపోతున్నాను, ఆమెను ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను?