కొత్తగూడ అడవి మీద మేడే

కొత్తగూడ అడవి మీదికి వచ్చిన కాసేపటికి ఇంజను చప్పుడు మారింది. చెవుల కంటే ముందు ఒంటికి తెలిసింది జువేరియాకు. అప్పటిదాకా సీటు కింద ఒకే తీరున సాగుతున్న అదురులో ఒక తడబాటు. హెడ్‌సెట్ కొంచెం పక్కకు జరిపి విన్నది. చప్పుడు మళ్ళీ తడబడింది. ఎదురుగా ఇంజను వేగం చూపే ముల్లు మెల్లగా వెనక్కి జారుతోంది.

జనగామలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే కైసర్ కూతురు ఆమె. పైలట్ శిక్షణలో భాగంగా మొదటిసారి ఒంటరిగా ఇంత దూరం వచ్చింది. హైదరాబాద్ శివారులోని శిక్షణ సంస్థ నుంచి బయల్దేరి, జనగామ, మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా వెళ్ళి, కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడగానే తిరిగి రావాలి. విమానంలో రెండే సీట్లు. రెండోది ఖాళీ.

మహబూబాబాద్ దాకా ఆకాశం బాగానే ఉంది. అక్కడి నుంచి మబ్బులు కిందికి వాలుతూ వచ్చాయి. మబ్బులోకి వెళ్ళే అనుమతి ఆమెకు లేదు. వెళ్తే బయటపడే నేర్పూ లేదు. అందుకని మబ్బుతో పాటే తానూ కిందికి దిగుతూ వచ్చింది. ఇప్పుడు రెక్కల కింద చెట్లు విడివిడిగా కనబడుతున్నాయి.

ఇంజను ఇట్లా తడబడితే ఏం చేయాలో నేర్పారు. తేమగాలి లోపలికి పోయి, ఎంత వేడి దేశంలోనైనా సరే, కార్బ్యురేటర్‌లో మంచు కడుతుంది. దాన్ని కరిగించడానికి వేడిగాలి పంపే నాబ్ ఒకటుంటుంది. జువేరియా దాన్ని పట్టి లాగింది.

ఇంజను ఒక్కసారి దగ్గినట్టయింది. విమానమంతా గజగజ వణికింది. ఆమె వెంటనే నాబ్‌ను లోపలికి నెట్టేసింది. వణుకు తగ్గింది కానీ ముల్లు ఇంకా దిగుతూనే ఉంది.

రేడియో మీట మీద వేలు పెట్టి ఆగింది. మేడే అంటే ప్రాణం మీదికి వచ్చిందని. పాన్ పాన్ అంటే ఇబ్బందిలో ఉన్నాం, ఇంకా ప్రాణం మీదికి రాలేదని. రెంటిలో ఏదైనా మూడుసార్లు పలకాలి. రాతపరీక్షలో ఈ ప్రశ్నకు ఆమె తడుముకోలేదు. ఇప్పుడు తనది ఏదో తేల్చుకోలేకపోయింది. మేడే అంటే ఆ ఫ్రీక్వెన్సీ మీదున్న విమానాలన్నీ మాటలాపి తన గొంతే వింటాయి. తీరా ఇంజను దానంతటదే బాగైపోతే? విచారణ పెడతారు. ఒంటరిగా పంపితే బెదిరిపోయిందంటారు.

"హైదరాబాద్, జూలియట్ పాపా. ఇంజను కొంచెం రఫ్‌గా ఉంది," అని ఇంగ్లిష్‌లో చెప్పింది. జూలియట్ పాపా అన్నది రేడియోలో ఆమె విమానానికి పిలుపు పేరు.

"జూలియట్ పాపా, ఎమర్జెన్సీ ప్రకటిస్తున్నారా?" కంట్రోలర్ గొంతులో తొందర లేదు.

"నెగటివ్," అన్నది. మరుక్షణమే, "స్టాండ్‌బై," అన్నది. ఆగండి, మళ్ళీ చెప్తానని దాని అర్థం. ఏం చెప్పాలో ఆమెకే తెలియదు.

"రోజర్. సోల్స్ ఆన్ బోర్డ్?"

విమానంలో ఎంతమంది ఉన్నారని అడిగే తీరు అది. ప్రయాణికులెందరు, సిబ్బంది ఎందరని విడదీయరు. ప్రాణాలు ఎన్ని అని అడుగుతారు. లెక్కలో తేడా రాకుండా ఆ మాట పెట్టారని క్లాసులో చెప్పారు. కూలిన చోట ఎన్ని శవాల కోసం వెతకాలో తెలియాలి కనుక అడుగుతారని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు తోచింది.

"వన్," అన్నది.

కంట్రోలర్ ఇంకేదో అడిగాడు. సగం మాట గరగరలో కలిసిపోయింది. ఆమె బదులు చెప్పింది. అటునుంచి ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచింది. గరగర కూడా ఆగిపోయింది. కిందికి దిగిపోయినందున తన మాట అంత దూరం అందడం లేదని అర్థమైంది. పైకి వెళ్దామంటే ఇంజనులో సత్తువ లేదు. చుట్టూ అడవి. ఎక్కడో ఒకచోట పోడు చేసిన చిన్న చెలక కనబడింది కానీ దాని నిండా మోడులే. అక్కడ దిగితే విమానం ముక్కలవుతుంది.

"మేడే, మేడే, మేడే," అన్నది జువేరియా. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "జూలియట్ పాపా. ఇంజను బలం పోతోంది. మహబూబాబాద్‌కు ఉత్తరాన, అడవి మీద ఉన్నాను."

జవాబు రాలేదు. ఇంకోసారి చెప్పింది. ఈసారి ఒక స్త్రీ గొంతు స్పష్టంగా పలికింది. చాలా ఎత్తున పోతున్న ప్రయాణికుల విమానం కెప్టెన్ ఆమె. నీ మేడే విన్నాను, హైదరాబాద్‌కు అందిస్తున్నానని ఇంగ్లిష్‌లో చెప్పి, ఏం చేయదలచుకున్నావని అడిగింది.

జువేరియా నోరు తెరిచింది. ఇంగ్లిష్ మాట ఒక్కటీ రాలేదు. మీట నొక్కి పట్టుకుని ఊపిరి మాత్రం తీస్తోంది.

"తెలుగు వచ్చా అమ్మా?" అన్నది కెప్టెన్.

"వస్తది మేడమ్."

"నా పేరు సింధూజ. నీ పేరేంటి?"

"జువేరియా."

"జువేరియా, నేనూ అలాంటి చిన్న విమానం మీదే నేర్చుకున్నాను. వేడిగాలి నాబ్ లాగావా?"

"లాగిన మేడమ్. ఇంజను ఇంకింత ఖరాబైంది. భయమై మళ్ళ నూకేసిన."

"అవుతుంది. మంచు కరిగి నీళ్ళు ఇంజనులోకి పోతాయి కదా, అందుకే దగ్గుతుంది. మళ్ళీ లాగు. ఎంత వణికినా నెట్టకు. ఇంజను వేడి మీద ఉండగానే పని చేస్తుందది. చల్లారితే చేయదు."

"ఆగిపోతే ఎట్ల మేడమ్? కింద అంత అడవే ఉన్నది."

జువేరియా చెయ్యి మళ్ళీ నాబ్ మీద పెట్టింది.

"ఆగదని నేను మాటివ్వలేను," అన్నది సింధూజ. "లాగకపోతే మాత్రం తప్పకుండా ఆగుతుంది. లాగమ్మా."

జువేరియా లాగింది. ఇంజను దగ్గింది, అదిరింది, ఊపిరాడనట్టు కొట్టుకుంది. ముల్లు ఒక్కసారిగా పడిపోయింది. ఎదురుగా ఉన్న అద్దంలో ఆకాశం తగ్గి చెట్లు పెరిగాయి. చెయ్యి దానంతటదే నాబ్‌ను నెట్టబోయింది. రెండో చేత్తో విమానం ముక్కును పైకి లాగాలనిపించింది.

"చెట్లు దగ్గరికొస్తున్నాయని ముక్కు ఎత్తకు," అని చెవిలో సింధూజ గొంతు. "వేగం పోతే పడిపోతావు. వేగం చూడు. చెట్లను చూడకు."

"చూస్తున్న," అన్నది. నిజానికి చెట్లనే చూస్తోంది. టేకు చెట్ల పూత తెల్లగా, ముద్దలు ముద్దలుగా కనబడుతోంది. అమ్మీ అని పిలిచింది, రేడియోలో కాదు, లోలోపల.

ఇంజను పెద్దగా ఒక్కసారి తుమ్మినట్టు పేలింది. ఆగిపోయిందనే అనుకుంది. కళ్ళు మూసుకోబోతుండగా కాళ్ళ కింద అదురు తెలిసింది. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత సాఫీగా. ముల్లు కదిలి మెల్లగా పైకి పాకింది.

"వచ్చింది," అన్నది జువేరియా.

"నాబ్ అలాగే ఉంచు. మెల్లగా పైకి రా. మబ్బు జోలికి పోకుండా పడమరకు తిరుగు. నేను ఇంకాసేపట్లో దూరమైపోతాను, ఆలోగా హైదరాబాద్‌కు నీ గొంతు అందుతుంది."

"మీరు పోతరా మేడమ్?"

"పోవాలమ్మా. వెనక నూటెనభై మంది ఉన్నారు."

సింధూజ గొంతు పోయాక కంట్రోలర్ పలికేదాకా ఉన్న నిశ్శబ్దంలో జువేరియా ఇంజను చప్పుడును లెక్కపెడుతున్నట్టు వింటూ కూర్చుంది. అది బాగానే ఉంది. ఆమె మాత్రం ప్రతి చిన్న గాలికుదుపుకూ ఉలిక్కిపడింది. పాలకుర్తి వరిపొలాలు వచ్చాయి. జనగామ వచ్చింది. తమ ఇల్లు ఏ పక్కనుందో చూడాలని కూడా అనిపించలేదు.

రన్‌వే మీద దిగి విమానం ఆపాక బెల్టు కూడా విప్పకుండా కూర్చుంది. శిక్షకుడు ఫర్హాన్ తలుపు తీసి ఆయనే విప్పాడు.

"మేడే అంత ఆలస్యంగ ఎందుకన్నవ్?"

"తప్పైతదేమోనని సార్."

"తప్పైతే కింద మాట్లాడుకుంటుంటిమి," అన్నాడు ఫర్హాన్. ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది. తర్వాత, జువేరియా మొదటిసారి నెగటివ్ అన్నప్పటి నుంచీ తాను కంట్రోలర్‌తో ఫోన్‌లోనే ఉన్నానని చెప్పాడు. మధ్యలో ఆమె గొంతు ఆగిపోయిన ఆ కాసేపు ఇంటికి ఏమని ఫోన్ చేయాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాడట.

విచారణ జరిగింది. గద్దింపులేమీ లేవు. రికార్డు వినిపించారు. స్టాండ్‌బై అన్న తన గొంతు విని జువేరియా తల దించుకుంది.

ఆదివారం జనగామ వెళ్ళింది. తల్లి అజీజ్‌బీకి విషయమంతా ఫర్హాన్ ముందే చెప్పాడు. అన్నం పెట్టింది, పక్కన కూర్చుంది, భయమేసిందా అని అడిగింది: "డర్ లగ్యా?"

భయం లేదనే అందరికీ చెప్పుకొచ్చింది జువేరియా. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"బహుత్ లగ్యా, అమ్మీ," అన్నది. అప్పుడు వచ్చింది ఏడుపు.

అజీజ్‌బీ ఆమె వీపు నిమురుతూ, ఇక విమానం జోలికి పోవద్దని అనబోయి ఆగింది. ఆ సంగతి జువేరియాకు తెలిసింది. పోతానని తానూ అనలేదు. సోమవారం పొద్దున మళ్ళీ శిక్షణకని హైదరాబాద్ బస్సెక్కేటప్పుడు కూడా తల్లీ కూతుళ్ళు ఆ మాట ఎత్తలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి ఒకరినొకరు చూసుకున్నారు, అంతే.