ఉన్ని పెరిగే మోటరు

కట్టంగూర్‌లో తెల్లవారిందనడానికి కోడి కూత కన్నా ఐలేశం మోటరుకారు దగ్గే గుర్తు. గొర్ల మందను మేతకు తోలే వేళకు అతడు మోటరు ముందు ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పేవాడు. ఒక తిప్పుకు మూలిగేది, ఇంకో తిప్పుకు తుమ్మేది, ఆ తర్వాత మనసైతే నడిచేది. మనసు కాకపోతే ఐలేశం బీడీ ముట్టించి, దానితో కాసేపు మంచీ చెడూ మాట్లాడి, మళ్లీ తిప్పేవాడు. తన దగ్గర ఏనాడూ చూపని ఓపిక ఆ ఇనుప ముక్క దగ్గర చూపిస్తాడని భార్య గుర్వమ్మ ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది.

ఆ మోటరు ముప్పై ఏళ్ల నాటిది. దాన్ని తెప్పించుకున్న దొర పోలీసు చర్య తర్వాత పట్నం వెళ్లిపోతూ పశువుల కొట్టంలో వదిలేశాడు. చిన్నప్పటి నుంచీ దాన్ని తుడిచిందీ, డ్రైవరు పక్కన కూర్చుని తోలడం నేర్చుకుందీ ఐలేశమే కాబట్టి అతడినే తీసుకుపొమ్మన్నాడు. కమ్మీల చక్రాలు, పెద్ద గుండ్రటి దీపాలు, పిండితే కూసే రబ్బరు హారను. అందంలో ఆ చుట్టుపక్కల దానికి సాటి లేదు. కూర్చుంటే మాత్రం నరకమే. సీటులో స్ప్రింగులు తోలును చీల్చుకుని పైకి పొడిచేవి. ఊళ్ల మీద అంత పెత్తనం చేసిన దొరలు దీని మీద నోరెత్తకుండా ఎలా కూర్చున్నారా అని ఐలేశం ఆశ్చర్యపోయేవాడు.

అయినా దాన్ని మార్చాలని అతడికి తోచింది అక్క జానమ్మ వల్లనే. ఆమెను మోత్కూర్‌లో యాదగిరికి ఇచ్చారు. ఒక వానాకాలం ఇంటి గోడ కూలి ఆమె నడుము మీద పడింది. దవాఖాన వాళ్లు చేయగలిగింది చేసి పంపేశారు. అప్పటి నుంచి తమ్ముడి ఇంట్లో మంచం మీదే ఉంది. కొన్నాళ్లు వచ్చిపోయిన యాదగిరి తర్వాత రావడం మానేసి, మరో పెళ్లి చేసుకుంటానని కులపెద్దల దగ్గర కూర్చున్నాడు. పెద్దలు ఒక మాట చెప్పి పంపారు. చలికాలం పోయాక మోత్కూర్‌లో పంచాయితీ పెడతారు. జానమ్మ తానుగా వచ్చి, తమ ముందు నిటారుగా కూర్చోగలిగితే ఆ ఇల్లు ఆమెదే. రాలేకపోతే యాదగిరి వేరే ఆమెను తెచ్చుకోవచ్చు.

ఒకసారి ఎడ్లబండి మీద పడుకోబెట్టి చూశారు. ఊరి పొలిమేర దాటకముందే నొప్పికి జానమ్మ సోయి తప్పింది.

అప్పుడు ఐలేశం మోటరును మార్చే పనిలో పడ్డాడు. నకిరేకల్ మెకానిక్ దగ్గరికి పోయి సంగతి చెబితే ఆయన ముఖం ముడుచుకున్నాడు.

"పాత సామాను తమ్మీ. చెయ్యి వెట్టినవంటె దాని ఇజ్జత్ పోతది," అన్నాడు.

"కూసున్న మనిషి ఏడుస్తుంటె దానికేం ఇజ్జత్ అన్నా?"

మెకానిక్ లేచి చక్రాలు కొలిచాడు. లావు టైర్లు వెతికి తెచ్చి, చక్రాలకు పట్టేలా చేసింది ఆయనే. మిగతాదంతా ఐలేశం పని. వెనక సీటు ఇనుమంతా పీకేశాడు. మేకబొచ్చు తాళ్లు పేని, వాటికి వెడల్పాటి చెక్కను ఉయ్యాల కట్టినట్టు కట్టాడు. మనిషిని ఎత్తకుండా లోపలికి జరపడానికి తలుపు గడపను కిందికి కోశాడు. ఎండ పడకుండా గొంగడితో పైకప్పు వేశాడు. అంత పాత బండికి అంత బుద్ధిగా, దాని అందం చెడకుండా సుఖం నేర్పినవాడు ఆ రోడ్డు మీద మరొకడు లేడు.

చెక్క మీద వేసే పరుపు దగ్గరే పొరపాటు జరిగింది. వాళ్లింట్లో ఉన్ని కత్తిరించినప్పుడు ప్రతి గొర్రె నుదుటి మీదా పిడికెడు ఉన్ని కులదేవుడు బీరప్ప పేర విడిచిపెడతారు. ఆ పిడికెడు ముట్టుకుంటే ఉన్నికి చావుండదని తాతలు చెప్పేవారు. పరుపు నిండకపోయేసరికి ఐలేశం తొందరలో అదీ కత్తిరించి కుక్కాడు.

నెల తిరిగేసరికి సీటు జానెడు లేచింది. కుట్లలోంచి ఉన్ని బయటికొచ్చింది. గుర్వమ్మ చూసి, మందతో పాటు దీన్నీ కత్తిరించకపోతే ఎక్కినవాళ్ల తలలు కప్పుకు తగులుతాయని చెప్పింది. మోటరును వాగుకు తోలి, కడిగి, ఎండలో ఆరబెట్టి, ఉన్ని తీశారు. ఊళ్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. పక్కింటాయన మాత్రం ఉన్ని నలుపు సరిపోలేదని వంక పెట్టాడు.

పంచాయితీ నాటికి మళ్లీ కత్తిరింపు వేళైంది. ఐలేశం కత్తెర తీయబోతే గుర్వమ్మ ఆపింది. వదినె పోయి వచ్చేదాకా ఉండనీయమంది.

పొద్దున్నే జానమ్మను సీటు మీదికి జరిపి, పక్కన గుర్వమ్మ కూర్చుంది. నకిరేకల్ దాకా మంచి రోడ్డు. అక్కడి నుంచి రాళ్లూ గుంటలూ. గుంట వచ్చినప్పుడల్లా ఐలేశం, "అక్కా, నొస్తాందా?" అని అడిగాడు. వెనక నుంచి జవాబు లేదు. బిక్కేరు వాగు ఇసుకలో చక్రం దిగబడి ఆగిపోయినప్పుడు భయంభయంగా వెనక్కి తిరిగి చూశాడు.

ఉన్ని జానమ్మ పక్కటెముకల దాకా పెరిగింది. వీపు కిందా, నడుము చుట్టూ ఎక్కడ సందుంటే అక్కడ సర్దుకుంటోంది. గోడ కూలిన నాటి నుంచీ ముడుచుకునే ఉన్న నుదురు విప్పుకుంది. గుర్వమ్మ ఆమె నోటి మీద పడిన పోగులు తీసేస్తూ కూర్చుంది.

"ఎనుకకేం చూస్తవ్, తోలు. ఉన్ని పని ఉన్ని చేస్తాంది," అంది.

మోత్కూర్‌లో యాదగిరి ఇంటి ముందు పందిరి కింద పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన గురవయ్య. యాదగిరి తల వంచుకుని నేల గీస్తున్నాడు. ఐలేశం అక్కను ఎత్తబోతే సీటు వదల్లేదు. కత్తెర తీశాడు.

"నా దిక్కు కత్తిరించకు," అంది జానమ్మ. "చెక్క దిక్కు కత్తిరించు."

చెక్క వెంబడి కత్తిరించాడు. తుంటి నుంచి పక్కటెముకల దాకా చుట్టుకున్న ఉన్నితో జానమ్మ లేచింది. కొంగు దాని మీద కప్పుకుంది. ఒక కాలు కింద పెట్టింది, తర్వాత రెండోది. తమ్ముడు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. పందిరి కిందికి నడిచి, పెద్దల ఎదురుగా నేల మీద నిటారుగా కూర్చుంది.

గురవయ్య చూసి, సరిపోయింది, ఇక లేవమ్మా అన్నాడు. జానమ్మ లేవలేదు.

"నేను కూసుంటనో లేదో చూడనీకె గద వచ్చిన్రు, పెద్దయ్యా. మంచిగ చూడుండ్రి."

ఆమె కూర్చుని ఉండగా లేచిపోవడానికి పెద్దలకు మొహం చెల్లలేదు. పందిరి నీడ జరిగి ఎండ వాళ్ల మీదికొచ్చింది. మోకాళ్లు పట్టేసి ఒక్కొక్కరే కదులుతున్నారు. జానమ్మ కదల్లేదు. చివరికి యాదగిరి లేచి లోపలికి పోయాడు. కాసేపటికి వచ్చి, ఆమె ముఖం చూడలేక పక్కకు చూస్తూ చెప్పాడు.

"లోపట మంచం ఏసిన."

"తియ్యి," అంది జానమ్మ. "నేను పండుకోనీకె రాలే."

లేచి ఇంట్లోకి నడిచింది. కొద్దిసేపట్లో లోపలి నుంచి చీపురు చప్పుడు వినిపించింది. యాదగిరి మంచం భుజాన వేసుకుని బయటికి వచ్చి, ఎక్కడ పెట్టాలో తోచక నిలబడ్డాడు. ఐలేశం మోటరు మీద చెయ్యి వేసి, అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.

తిరుగు ప్రయాణంలో వెనక ఉత్త చెక్కే మిగిలింది. దాని మీద మళ్లీ ఎన్నడూ ఉన్ని పెరగలేదు. గుంట గుంటకూ ఎముకలు కదిలి గుర్వమ్మ కట్టంగూర్ దాకా మొగుణ్ణి తిడుతూనే వచ్చింది. అతడికి మాత్రం ఆ మోటరు అంత మెత్తగా ఎన్నడూ నడవలేదనిపించింది.